తీగల కింద చెట్లు వద్దు
(ఏలూరు సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగం)



లెక్కల పుస్తకాలు తర్వాత. తాడేపల్లిగూడెం వైపు పాలకేంద్రాల ఆవరణల్లో కరెంటు తీగల కిందే కొబ్బరి మొక్కలు చూశాను. నేడు మోకాలెత్తు, రేపు అరవై అడుగులు. కొబ్బరికి తల నరికితే చెట్టే పోతుంది, కొమ్మలు కొట్టినట్లు కాదు. కొల్లేటి నల్లమట్టి నానితే వేళ్ల పట్టు సడలుతుంది. తుపానుకు ఒరిగినా తీగను తాకనంత దూరంలో, అంటే చెట్టు పూర్తి ఎత్తుకు మించిన దూరంలో నాటండి. తీగల కింద నేపియర్ గడ్డి చాలు, పశువులకూ మేతే.

ఒక సంఘంలో ఇనుప గొట్టంతో సుబాబుల్ ఆకు దూస్తూ సభ్యుడొకాయన తీగ తగిలి పోయాడు. ఆ ఇంటి పాలు ఇప్పుడు ఆయన భార్య పోస్తోంది. ఇప్పటికే పెరిగిన చెట్లపై మీరు కత్తి వేయవద్దు. 1912కు ఫోను చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపాకే కొట్టించండి.