వ్యాపార వీసా నిరాకరింపఁబడినచో
(వార్షిక మహాసభయం దొనర్చిన యుపన్యాసము)



బహువత్సరములు బాలురకు సంస్కృతము చెప్పిన మాకు వీసాలతో నేమి పని యని కొందఱు తలంపవచ్చును. మేము చేసిన పొరపాటే మమ్ము ఈ వేదిక కెక్కించినది.

మనవారిలో నొక యువవర్తకుఁడు ఐరోపాలో జరుగు వస్త్రప్రదర్శనమునకు పోవలెనని వీసా కోరఁగా, అది నిరాకరింపఁబడెను. ఆ పత్రముతో మాకడకు వచ్చెను. మే మతని వంశమర్యాదను, శీలమును వర్ణించి, సంఘముద్ర వేయించి, నాలుగు పుటల విజ్ఞాపన మంపితిమి. పత్రమున వ్రాసిన కారణ మొక్కటే: అతఁడు గడువులోపల స్వదేశమునకు మరలునను నమ్మకము కలుగలేదని. దానికి మా వ్రాఁతలో సమాధానమే లేదు. ఇంతలో అప్పీలు గడువు దాఁటిపోయెను. ఎదిరి చెప్పిన హేతువును ఖండింపనివాఁడు వాదమున నోడునని శిష్యులకు బోధించిన మేమే యట్లోడితిమి.

పిమ్మట తెలిసికొన్నది విన్నవించెదము. షెంగెన్ దేశముల 2009 నాఁటి వీసా నిబంధనావళి ననుసరించి నిరాకరణమునకు కారణములు తెలుపవలెను. అప్పీలు హక్కును గలదు. అది నిరాకరించిన దేశపు చట్టము ననుసరించి నడచును. జర్మనీ దౌత్యకార్యాలయములనే పునఃపరిశీలన కోరు పద్ధతి 2025 జూలై 1 నుండి తొలఁగింపఁబడెను. ఇఁక బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానమే శరణ్యము. కెనడా వీసా నిరాకరణముపై, ఆ దేశమునకు వెలుపలనున్నవారు 60 దినములలో ఫెడరల్ కోర్టు ననుమతి వేఁడవచ్చును. ఆ కోర్టు వీసా నీయదు; నిర్ణయమున దోషమున్నచో మరల విచారింపుమని పంపును. అమెరికా వ్యాపారసందర్శక వీసా 214(బి) సెక్షను క్రింద పోయినచో అప్పీలే లేదు. క్రొత్త దరఖాస్తే మార్గము.

కావున పత్రము చేరిన తేదీని మొదట గుర్తింపుఁడు. ఒక్కొక్క కారణమున కెదురుగా ఒక్కొక్క సాక్ష్యము నుంపుఁడు: ఆదాయపుపన్ను పత్రములు, జి.ఎస్.టి. రిజిస్ట్రేషను, బ్యాంకు లెక్కలు, ప్రదర్శననిర్వాహకుల యాహ్వానము. కల్లపత్ర మొక్కటి చేరినను ముందుదారులన్నియు మూసికొనును.

ఆ యువకుఁడు మరుసటియేఁట క్రొత్తగా దరఖాస్తు పెట్టి వీసా పొందెను. అతని లెక్కపుస్తకములు గెలిపించినవి కాని మా విశేషణములు కావు.

పోషకులకు మా మనవి యొక్కటి: ఇట్టి పత్రములను గడువులోపల చదివి చెప్పుటకు నొక న్యాయవాదిని సంఘము నియమించుఁగాక. ముద్రకంటె నది మేలు.

స్వస్తి.