రాత్రి రైల్లో పాస్‌పోర్టు

సెలవులకి ఇండియా వెళ్ళి, హైదరాబాదులో దిగి, విశాఖకి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళకి ఒక మాట. మన దగ్గరే ఉంచుకున్న సామాను పోతే, సిబ్బంది తప్పు రుజువైతే తప్ప రైల్వేకి బాధ్యత లేదు. 1989 రైల్వే చట్టం, 100వ సెక్షన్ చెప్పేది అదే. అందుకని పెట్టెని బెర్తు కింద రింగుకి గొలుసుతో కట్టి తాళం వెయ్యండి. పాస్‌పోర్టులు మాత్రం ఒంటిమీదే ఉండాలి. చీరలు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. వీసా ఉన్న పాస్‌పోర్టు పోతే తిరుగు ప్రయాణమే ఆగిపోతుంది. జిరాక్సు కాపీలు వేరే సంచీలో పెట్టండి.

దొంగతనం జరిగినా కంగారుపడి మధ్యలో దిగనక్కర్లేదు. 139కి ఫోన్ చేసి, టీటీఈని ఎఫ్‌.ఐ‌.ఆర్. ఫారం అడిగి రాసివ్వండి. కొత్త పాస్‌పోర్టుకి పోలీసు రిపోర్టు కావాలి, కాపీ జాగ్రత్త. శుభప్రయాణం!