నూనె డబ్బా పట్టుకున్న ఇంజినీరు
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "మీరు బ్యాంకులో పనిచేశారు కదా, విద్యారుణాల గురించి ఒక అరగంట చెప్పండి" అన్నారు. ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చేశాను. గుమ్మం దగ్గర అందరికీ పంచారు, ఇంటికి వెళ్ళాక తీరికగా చదువుకోండి. ఈ అరగంట నేను వేరే సంగతి చెప్పదలచుకున్నాను. అందుకు కారణం మీ దరఖాస్తులే.

నాలుగేళ్ళుగా దరఖాస్తులు సరిచూసే పని ట్రస్టు నాకు అప్పగించింది. మార్కుల జాబితా, ఆదాయ పత్రం, బ్యాంకు పుస్తకం నకలు అన్నీ చూస్తాను. అందులో "తండ్రి లేక సంరక్షకుని వృత్తి" అని ఒక గడి ఉంటుంది. చాలామంది అక్కడ "ప్రైవేటు" అని రాస్తారు. కొందరు "కంపెనీ", కొందరు "సొంతం" అంటారు. ఒకసారి ఒక అమ్మాయి దరఖాస్తులో సందేహం వచ్చి ఫోన్ చేశాను. "ప్రైవేటు అంటే ఏమిటమ్మా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, "లారీ గ్యారేజీలో గ్రీజు కొడతారండీ" అంది. ఏ ఊరో, ఏ సంవత్సరమో చెప్పను. ఆ అమ్మాయికి స్కాలర్‌షిప్పు వచ్చింది.

ఆ పిల్లను తప్పు పట్టే అర్హత నాకు లేదు. 1978లో కాలేజీలో చేరినప్పుడు అదే గడిలో నేను "రైల్వే ఉద్యోగి" అని రాశాను. మా నాన్నగారు ఖుర్దా రోడ్ లోకో షెడ్డులో ఫైర్‌మన్. అంతకు ముందు క్లీనరు. మా తాతగారు బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఆ లైను మీద పని వెతుక్కుంటూ వచ్చారు. నాన్నగారు డ్యూటీ దిగి ఇంటికి వస్తే ముందు బొగ్గు వాసన, దాని వెనక నూనె వాసన వచ్చేవి. ఆయన చొక్కాలు అమ్మ విడిగా ఉతికేది. నా స్నేహితులు వచ్చే వేళకి ఆ చొక్కాలు దండెం మీద కనబడకుండా లోపలికి తీసేసేవాణ్ణి. ఇది ఒక సభలో చెప్పడం ఇదే మొదటిసారి.

ఆ నూనె గురించే ఇప్పుడు కొంచెం చెప్పాలి. ఆవిరి ఇంజన్లో నిప్పు, నీరు, ఆవిరి ఉంటాయని అందరికీ తెలుసు. నూనె సంగతి ఎవరికీ గుర్తుండదు. సిలిండరు అనే ఇనుప గొట్టంలో పిస్టన్ నిమిషానికి ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య సన్నటి నూనె పొర లేకపోతే రెండూ రాసుకుని గీతలు పడతాయి, ఆ సందుల్లోంచి ఆవిరి కారిపోతుంది, బలం తగ్గుతుంది. చక్రాల దగ్గరి బేరింగులకు నూనె పెట్టడం సులువు. అవి బయట ఉంటాయి. వాటి మీద ఒక చిన్న గిన్నె, గిన్నెలో ఊలు వత్తి. మన దీపపు కుందిలో వత్తి నూనెను ఎలా పైకి పీలుస్తుందో అలాగే పీల్చి, రెండో కొస నుంచి చుక్క చుక్కగా బేరింగు మీదికి జారవిడుస్తుంది. డ్రైవరు స్టేషన్‌లో బండి ఆగినప్పుడు పొడుగు ముక్కు డబ్బాతో ఆ గిన్నెలు నింపుకుంటూ తిరిగేవారు.

చిక్కంతా సిలిండరుతోనే. దాని లోపల ఆవిరి విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. మూత తీసి నూనె పోద్దామంటే ఆవిరి ఎగజిమ్ముతుంది. అందుకే తొలి రోజుల్లో ఆవిరి ఆపినప్పుడే, అంటే బండి పల్లంలో దానంతట అది దొర్లుతున్నప్పుడో, స్టేషన్‌లో నిలిచినప్పుడో పోసేవారు. నడుస్తున్న ఇంజన్ పక్కన సన్నటి పలక మీద పాకుతూ ముందుకు వెళ్ళి, కరిగించిన జంతువుల కొవ్వును గిన్నెలో పోసి రావాలి. వానలో, రాత్రిలో కూడా. పైగా ఒక్కసారే గుప్పెడు పోస్తే కొంతసేపు ఎక్కువై మసి కడుతుంది, ఆ తరవాత మైళ్ళ తరబడి ఏమీ ఉండదు. కావలసింది కొంచెం కొంచెంగా, ఆగకుండా అందడం.

నాన్నగారి కాలానికి ఆ అవస్థ లేదు. క్యాబ్‌లో ఒక ఇత్తడి పెట్టె, దానికి గాజు గొట్టాలు ఉండేవని, గాజులో నీటి గుండా నూనె చుక్క ముత్యంలా పైకి లేస్తూ ఉంటే నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టేవాళ్ళమని చెప్పేవారు. చిన్నప్పుడు నేను నమ్మలేదు, చుక్క కిందికి పడాలి గాని పైకి ఎలా పోతుంది అని. పదవీ విరమణ తరవాత తీరిక దొరికింది. ఆ పెట్టె ఎవరు కనిపెట్టారా అని పుస్తకాలు తిరగేస్తుంటే నాకు తగిలిన పేరు ఎలైజా మెక్కాయ్. ఆయనకూ మన ఊళ్ళకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆయన కథ చదువుతుంటే నాకు మా ఇంటి దండెమే గుర్తుకొచ్చింది.

మెక్కాయ్ నల్లజాతివారు. తల్లిదండ్రులు జార్జ్, మిల్డ్రెడ్ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసలు. అక్కడి నుంచి తప్పించుకుని కెనడా చేరుకున్నారు. అలా పారిపోయేవారికి దారి పొడుగునా రహస్యంగా సాయపడేవారి ఏర్పాటును "అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్" అనేవారు. పేరులోనే గాని అందులో పట్టాలూ లేవు, రైలూ లేదు. కెనడాలోని ఒంటారియోలో 1844లో ఎలైజా పుట్టారు, పన్నెండుమంది సంతానంలో ఒకరు. తరవాత కుటుంబం అమెరికాకి తిరిగి వచ్చి మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటీ అనే ఊళ్ళో స్థిరపడింది. పిల్లవాడికి యంత్రాలంటే ఆసక్తి. 1859 ప్రాంతంలో, పదిహేనేళ్ళ వయసులో అతన్ని స్కాట్లాండులోని ఎడింబరోకి మెకానికల్ ఇంజినీరింగ్ నేర్చుకోవడానికి పంపారు. తల్లిదండ్రులు ఈ మాట వినాలి. ఒకప్పుడు తమ శరీరాల మీద తమకే హక్కు లేని మనుషులు, పన్నెండుమంది పిల్లలున్న ఇల్లు, సముద్రం దాటించి చదివించారు.

చదువు ముగించుకుని ఇంజినీరై తిరిగి వచ్చారు. ఇంజినీరు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. చర్మం రంగే కారణం. చివరికి మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో ఒక పని దొరికింది. ఏమిటంటే ఫైర్‌మన్, నూనె పెట్టేవాడు. పొయ్యిలో బొగ్గు వేయాలి, బండి ఆగినప్పుడల్లా దిగి నూనె పోయాలి. ఎడింబరోలో చదివిన మనిషి చేతికి మా నాన్నగారి డబ్బా ఇచ్చారన్నమాట. ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఆయన ఆ ఉద్యోగం చేస్తూనే ఇప్సిలాంటీలో సొంతంగా ఒక చిన్న వర్క్‌షాపు పెట్టుకుని ఈ నూనె చిక్కు మీద పడ్డారు. 1872 జూలైలో మొదటి పేటెంటు వచ్చింది, నంబరు 1,29,843. ఆవిరి యంత్రాలకు నూనె అందించే సాధనం అది. అందులో కిటుకు ఏమిటంటే, నూనెను లోపలికి పోనివ్వకుండా అడ్డుపడుతున్న ఆ ఆవిరి ఒత్తిడినే పనికి పెట్టారు. ఒత్తిడి కవాటాన్ని కదిలిస్తుంది, నూనె దానంతట అది సిలిండరులోకి దిగుతుంది. యంత్రాన్ని ఆపనక్కరలేదు, మనిషి పాకనక్కరలేదు.

మరి నాన్నగారు చెప్పిన పైకి లేచే చుక్క? అది ఇంకో పద్ధతి. ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చి నూనె పెట్టెలోకి పంపిస్తారు. నీరు బరువు, అడుగుకి చేరుతుంది. నూనె తేలిక, పైకి తేలుతుంది. నీరు చేరినకొద్దీ అంత నూనె గొట్టంలోకి పొర్లుతుంది. ఇంట్లో సాంబారు మీద పోపు నూనె తేలడం చూస్తారు కదా, అదే సూత్రం. ఈ పద్ధతికి ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అనే రైల్వే ఇంజినీరు 1860లోనే పేటెంటు తీసుకున్నారు. చుక్క కంటికి కనబడేలా గాజు గొట్టం పెట్టడం తరవాతి కాలంలో వచ్చింది.

చూశారా, ఇక్కడ ఖాతా సరిగ్గా రాసుకోవాలి. బ్యాంకులో ఒక్క రూపాయి తేడా వచ్చినా రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని వెతికిన వాణ్ణి. యంత్రాలకు దానంతట అదే నూనె పెట్టే సాధనాన్ని ప్రపంచంలో మొదట కనిపెట్టింది మెక్కాయే అని పిల్లల పుస్తకాల్లో రాస్తుంటారు. అది నిజం కాదు, రామ్స్‌బాటమ్ పన్నెండేళ్ళు ముందు. ఇంకొక కథ కూడా ఉంది. ఇంగ్లీషులో అసలైన సరుకును "రియల్ మెక్కాయ్" అంటారు. ఈయన సాధనానికి నకళ్ళు వచ్చి, కొనేవారు "అసలు మెక్కాయే కావాలి" అని అడగడం వల్ల ఆ మాట పుట్టిందంటారు. కాని స్కాట్లాండులో "రియల్ మెకే" అనే మాట 1856 నాటికే అచ్చులో ఉంది. అప్పటికి ఈయన పన్నెండేళ్ళ కుర్రవాడు. ఈ రెండు పద్దులూ కొట్టేస్తే ఆయన ఖాతాలో ఏం మిగులుతుంది? జీవితకాలంలో 57 పేటెంట్లు మిగులుతాయి. ఎక్కువ భాగం నూనె సాధనాలవే. మధ్యలో 1874లో ఇస్త్రీ బల్లకు, 1899లో పచ్చిక మీద నీళ్ళు చిమ్మే సాధనానికి కూడా తీసుకున్నారు. ఈ నిల్వ నాకు చాలనిపించింది.

వాటన్నిటిలో నాకు నచ్చినది ఆయన డెబ్బై ఒకటో ఏట, 1915లో తీసుకున్న పేటెంటు. అప్పటికి రైలింజన్లలో ఆవిరిని ఇంకా వేడెక్కించి వాడడం మొదలైంది. బొగ్గు ఆదా అవుతుంది, కాని ఆ పొడి ఆవిరి వేడికి మామూలు నూనె నిలవదు. దానికి మెక్కాయ్ నూనెలో గ్రాఫైటు పొడి కలిపి అందించే సాధనం తయారుచేశారు. గ్రాఫైటు అంటే మీ పెన్సిల్లో ఉండే నల్లటి పదార్థమే. నాలుగు దశాబ్దాలు పైబడినా మనిషి ఇంకా అదే సిలిండరు ముందు కూర్చుని ఉన్నారు.

ఇక నా శాఖకు వస్తాను. బి.కాం. వాణ్ణి కదా, డబ్బు సంగతి అడగకుండా ఉండలేను. ఇన్ని పేటెంట్లు ఉన్న మనిషి కోటీశ్వరుడై ఉండాలి. కాలేదు. పేటెంటు అంటే కాగితం. దాన్ని సరుకుగా మార్చాలంటే కార్ఖానా కావాలి, కార్ఖానాకి పెట్టుబడి కావాలి. ఆయన దగ్గర అది లేదు. అందుకని తన హక్కుల్ని ఇతరుల పేర బదలాయించడం, పెట్టుబడిదారులకు అమ్ముకోవడం చేశారు. ఆ డబ్బుతో తరవాతి సాధనం తయారు చేసేవారు. అందుకే ఆయన బుద్ధితో తయారైన వస్తువుల మీద చాలావాటికి ఆయన పేరు లేదు. 1882లో డెట్రాయిట్ నగరానికి మారి కంపెనీలకు సలహాదారుగా ఉన్నారు. సొంత పేరుతో "ఎలైజా మెక్కాయ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ" పెట్టింది 1920లో. అప్పటికి వయసు డెబ్బై ఆరు. విద్యార్థులారా, మీలో డిప్లొమా, ఇంజినీరింగ్ చదివేవారు ఉన్నారు. మీరేదైనా తయారుచేసి ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టమంటే, పెట్టేముందు కామర్స్ చదివినవాడికి ఒకసారి చూపించండి. మేం ఎందుకూ పనికిరామని మీరు అనుకుంటారని నాకు తెలుసు.

1922లో మోటారు ప్రమాదంలో ఆయనా, భార్య మేరీ గాయపడ్డారు. ఆవిడ ఆ గాయాలతోనే పోయారు. ఆయన ఆరోగ్యం కూడా మళ్ళీ కుదుటపడలేదు. 1929 అక్టోబరులో డెట్రాయిట్ దగ్గర ఒక ప్రజా వైద్యాలయంలో కన్నుమూశారు. ఎనభై అయిదేళ్ళు. 2001లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆయన పేరు చేర్చారు. 2012లో ఆ దేశపు పేటెంటు కార్యాలయం రాజధాని ప్రాంతానికి వెలుపల తన మొదటి శాఖను డెట్రాయిట్‌లో తెరిచి, దానికి ఆయన పేరు పెట్టింది.

మా నాన్నగారికి ఈ పేరు తెలియదు. ఆయన ఇవేవీ కనిపెట్టలేదు. కాని ఒక సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. నేను బ్యాంకులో చేరిన కొత్తలో, 1983లో, ఒక రాత్రి భోజనాల దగ్గర అడిగారు, "మీ లెక్కలో ఒక్క అంకె తప్పితే ఏమవుతుంది రా?" అని. రాత్రంతా వెతకాలి నాన్నా అన్నాను. "మాకూ అంతే, చుక్క తప్పితే" అని నవ్వి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. ఆ గోళ్ళ సందుల్లో నలుపు అప్పుడూ ఉంది. సబ్బుతో పోయేది కాదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. చిన్న మనవి. వచ్చే ఏటి దరఖాస్తులో ఆ గడిని కొంచెం వెడల్పు చేయించమని కార్యవర్గాన్ని అడిగాను, ఒప్పుకున్నారు. రెండు వరుసలు పడతాయి. పని పేరు పూర్తిగా రాయండి, మాకు ఫోన్ ఖర్చు తగ్గుతుంది.

నాన్నగారి పొడుగు ముక్కు డబ్బా తెచ్చాను. ఆయన రిటైరైన రోజున షెడ్డులోని తోటివాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చారు, కనక రైల్వే సొత్తు అని ఎవరూ అనుమానించకండి. భోజనాల హాలులో మంచినీళ్ళ పక్కన బల్ల మీద పెట్టాను. చేత్తో పట్టుకుని చూడవచ్చు. అడుగున ఇంకా కొంచెం జిడ్డు ఉంది, తెల్లచొక్కాల వాళ్ళు జాగ్రత్త.