చెత్తకుప్పల ఊళ్లో ఆర్కెస్ట్రా

దక్షిణ అమెరికాలో పరాగ్వే అనే చిన్న దేశం ఉంది. రాజధాని అసున్సియోన్ చెత్తంతా చేరే చోటు కతేఊరా. అక్కడ చాలా కుటుంబాలకు ఆ కుప్పల్లో ఏరి అమ్ముకోవడమే జీవనాధారం. 2006లో ఫావియో చావెస్ అనే పర్యావరణ ఉద్యోగి అక్కడి పిల్లలకు సంగీతం నేర్పడం మొదలుపెట్టారు. నేర్చుకునే పిల్లల సంఖ్య పెరిగింది, వాయిద్యాలు చాలలేదు. కొందామా అంటే, ఆ వాడలో వయొలిన్ ధర ఇంటి ధరను మించిపోతుంది!

అప్పుడు కోలా అని అందరూ పిలిచే నికొలాస్ గోమెస్ పూనుకున్నారు. ఆయనా చెత్త ఏరే మనిషే, కానీ చేతిలో పనితనం ఉంది. నూనె డబ్బాలతో వయొలిన్లు, చెల్లోలు చేశారు. తీగలు కట్టే చోట అన్నం తినే ఫోర్కు బిగించారు. నీటి గొట్టం సాక్సోఫోన్ అయింది, దానికి మీటలు సీసా మూతలు, నాణేలు. డ్రమ్ములకు తోలు బదులు పాత ఎక్స్‌రే ఫిల్ములు.

చూడ్డానికి బొమ్మల్లా ఉన్నా, వాటిమీదే పిల్లలు బాఖ్, మొజార్ట్ వాయిస్తారు. 2014లో ప్రఖ్యాత రాక్ బృందం మెటాలికాతో దక్షిణ అమెరికా వేదికలెక్కారు. వింత వాయిద్యాలే పేరు తెచ్చాయి, నిజమే. అయితే నా దృష్టిలో అసలు పని క్రమం తప్పని సాధనది. కచేరీల రాబడిలో కొంత ఆ వాడ కుటుంబాలకు ఇళ్లు కట్టడానికి వెళ్లింది.