అశక్తులగు బిడ్డల నిధికి ధర్మకర్తను నియమించుట
(గూడూరు వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



గూడూరు ప్రాంతమున నిమ్మతోటలు గల మన కుటుంబములలో కొన్నింట బుద్ధివికాసము చాలని బిడ్డలు గలరు. ఆ తలిదండ్రులు మమ్మడుగు ప్రశ్న యొక్కటే: “మా తదనంతరము వీని గతి యేమి?” కొందరు పెద్దకుమారునిపేర ఆస్తి వ్రాసి, తమ్ముని చూచుకొమ్మని నోటిమాట చెప్పి యూరకుందురు. ఆ మాట విన్నవాడు కొడుకే గాని కోడలు గాదు. మనుమ లసలే గారు. మా యభిప్రాయమున నిది బిడ్డకును అన్నకును గూడ అన్యాయమే.

పూర్వము 1902 నాటి మద్రాసు కోర్టు ఆఫ్ వార్డ్సు చట్టముచే చిత్తస్వాస్థ్యము లేని జమీందారుల యెస్టేటులకు ప్రభుత్వరక్షణ యుండెడిది. పదియెకరముల తోటగలవాని కట్టి యండ లేకుండెను. నేడు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి, ఆటిజము, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి జిల్లా కలెక్టరు మొదలగువారు గల స్థానికసమితి సంరక్షకుని నియమించును. అతడు ఆరుమాసములలో ఆస్తిపట్టికను, ఏటేట లెక్కలను దాఖలు చేయవలయును. ధనమును నిలుపు ధర్మకర్తకు 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టము వర్తించును. ఈ యిరువురు నొక్కరే కానక్కరలేదు, వేరైనచో మేలు. అన్నము పెట్టువాడొకడు, సొమ్ము లెక్కించువాడొకడైనయెడల ఒకరి నొకరు కనిపెట్టియుందురు.

ధర్మకర్తయం దాప్యాయతను మాత్రమే చూడరాదు. మీ కాయను కొను మండీవర్తకుడు ఎంత యాప్తుడైనను తగడు. ట్రస్టుసొత్తును స్వలాభమునకు వాడుకొనరాదని చట్టము. తోటను కౌలునకు చేయువాడును అట్టివాడే. (సభలోని వర్తకులు మన్నింతురుగాక.) బిడ్డ యనంతరము ఆస్తి పొందవలసినవాడే ఏకైక ధర్మకర్తయైనచో, వైద్యమునకు వెచ్చించు ప్రతిరూపాయియు వానికి తన రూపాయిగనే తోచును. విదేశమున స్థిరపడినవాడును, దివాలాస్థితిలో నున్నవాడును తగరని 60వ సెక్షను చెప్పుచున్నది. అమెరికాలోని కుమారునిపై నాశ పెట్టుకొన్నవా రీ మాటను గమనింపవలయును. ఇరువదియేండ్ల బిడ్డకు డెబ్బదియేండ్ల మేనమామను పెట్టిన నేమి ఫలము?

కావున ఇరువురిని నియమించి, వారి తరువాతి వారి పేర్లనుగూడ పత్రమునందే వ్రాయుడు. పత్రమున లేనిదే ధర్మకర్తకు ప్రతిఫలము రాదు. పొరుగువానిచే నలువదియేండ్లు ఉచితముగ చాకిరి చేయింపనెంచుట మాకు సమ్మతము గాదు. స్థిరాస్తియైనచో పత్రము రిజిస్టరు కావలయును, లేదా వీలునామా యుండవలయును.

మరియొక కాగితము గలదు. బిడ్డ యేమి తినును, ఏ శబ్దమునకు వెఱచును, ఏ మందు పడదు, ఎవరు పిలిచిన పలుకును అనునది తల్లి స్వహస్తముతో వ్రాయవలయును. రిజిస్ట్రారు దాని నడుగడు. అది ధర్మకర్త పెట్టెలో నొకటి, సంరక్షకుని యింట నొకటి యుండవలయును.