మేపని యెద్దు



ముప్పదియైదు సంవత్సరములు తెలుగు పండితుడనుగా పనిచేసి, ఇప్పుడు సికింద్రాబాదులో విశ్రాంతిగా కాలము గడుపుచున్నవాడను. వ్యాకరణము చదివినవానికి మోటారుబండ్ల ప్రసంగ మేల యని మీరడుగవచ్చును. నా పూర్వశిష్యు డొకడు తెచ్చిన జమాఖర్చుల పుస్తకమే దీనికి కారణము. ఆ లెక్కలో ఒక తండ్రి యమ్మిన పొలము కూడ కలదు. కావున మీకు విన్నవింపదగినదని తలచితిని.

ఆ శిష్యుడు మారేడుపల్లిలో నాలుగవ యంతస్తున కాపురమున్నాడు. సిద్దిపేట దాపున నున్న పల్లెలో వాని తండ్రి కొంత పొలమమ్మి యిచ్చిన ధనమును జేర్చి, ఒకరు వాడి యమ్మిన పెద్దకారును కొన్నాడు. అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అను జాతిది. లీటరు పెట్రోలుకు నలుబది కిలోమీటర్లు వచ్చునని కాగితములపై నుండెను. మూడు నెలలు గడచిన పిమ్మట వాడు నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, పదమూడు కిలోమీటర్లకు మించి వచ్చుట లేదు. నన్ను మోసగించిరేమో!" అని విచారించెను.

ముందుగా ఈ బండి యెట్టిదో చెప్పెదను. హైబ్రిడ్ అనగా సంకరము. ఒకే బండిలో పెట్రోలు ఇంజనును, విద్యుత్తు మోటారును కూర్చుదురు. 1997లో జపానులో టయోటావారు ప్రియస్ అను హైబ్రిడ్ కారును అమ్మకమునకు దింపిరి. దానిని గోడకు తగిలింప నక్కరలేదు. బ్రేకు వేసినపుడు వ్యర్థమై పోవు శక్తిని కొంత పట్టి, చిన్న బ్యాటరీలో దాచుకొని, మరల వాడుకొనును. ప్లగ్-ఇన్ అనునది దీని తమ్ముడు. దీని బ్యాటరీ పెద్దది. రాత్రి యింటి విద్యుత్తుతో నింపినచో, మరునాడు కొంతదూరము పెట్రోలు చుక్క కాల్చకయే నడచును. చైనాలో బీవైడీ సంస్థ 2008లో ఇట్టి కారును విక్రయించెను. మన దేశమున ఇవి అరుదు. 2016లో వోల్వో సంస్థ యొకదానిని తెచ్చినది గాని, అది కోటి రూపాయలకు పైబడిన సరకు.

"రాత్రులందు దీనిని ఎచ్చట తగిలించుచున్నావు?" అని నేనడిగితిని. "ఎక్కడను లేదు. క్రింద బండ్లు నిలుపు తావున ప్లగ్గు లేదు. ఇంజను ఉన్నది గదా, దానంతట నడచుచునే యున్నది" అని వాడు బదులు చెప్పెను.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. రెండెద్దుల బండిని కొని, ఒక యెద్దునకు మేత వేయకున్న నేమగును? అది లాగజాలదు. అంతటితో పోదు. ఆ యెద్దును బండిమీద నెక్కించుకొని, రెండవ యెద్దుచేత లాగించినట్లగును. నింపని బ్యాటరీ నూరు కిలోలకు పైబడిన బరువు. ఆ బరువును మోయుటకును పెట్రోలే కాలవలెను. ప్యారడైజు కూడలివంటి తావులలో ఆగుచు సాగుచు నుండునపుడు బ్రేకు శక్తిని పట్టుటవలన కొంత ఆదా కలుగును. రాజీవ్ రహదారిపై నేకధాటిగా పోవునపుడు ఆ లాభమును స్వల్పమే. కొన్ని బండ్లలో నడచుచుండగనే ఇంజనుచేత బ్యాటరీని నింపించు మీట యుండును. అదియు మేలు గాదు. చేతులు మారినకొలది ధాన్యమునకు తరుగు వచ్చినట్లు, పెట్రోలు విద్యుత్తుగను, విద్యుత్తు మరల నడకగను మారునపుడెల్ల శక్తి తరిగిపోవును.

మరి నలుబది కిలోమీటర్ల మాట యబద్ధమా? కాదు, అది షరతుతో గూడిన సత్యము. యజమాని తరచుగా బ్యాటరీని నింపునని యూహించి పరీక్షాశాలలో కట్టిన లెక్క యది. ఐరోపా కమిషనువారు 2024లో నొక నివేదికను ప్రకటించిరి. 2021లో నమోదైన ప్లగ్-ఇన్ కార్లు రోడ్డుపై వెలువరించిన బొగ్గుపులుసు వాయువు, పరీక్షాశాల లెక్కకు సగటున మూడున్నర రెట్లున్నదట. పెట్రోలు కాలినకొలది ఆ వాయువు పుట్టును గనుక ఖర్చును అట్లే పెరిగినదన్నమాట. 2022లో వెలువడిన వేరొక పరిశోధనలో, సొంతదారుల బండ్లు చెప్పినదానికి మూడు రెట్లును, కంపెనీలు ఉద్యోగుల కిచ్చిన బండ్లు ఐదు రెట్లును ఇంధనము త్రాగినవని తేలినది. పెట్రోలు సొమ్ము పరులదైనపుడు రాత్రివేళ తీగ తగిలించు శ్రమ యెవరికి కావలెను?

నేను చెప్పిన యీ మాటలకంటె వాని తండ్రి మాట బాగుగా పనిచేసినది. దసరాకు వాడు పల్లెకు పోయినపుడు ఆ వృద్ధుడు సంగతి విని, "బిడ్డా, స్విచ్చి వేయనిది మన బావి మోటారు నీళ్లు పోయదు గదా! ఇంత సొమ్ము పోసిన బండికి స్విచ్చి యేల వేయవు?" అని యడిగెనట. ఆ రాత్రి అరుగుమీది ప్లగ్గునకు తీగ తగిలించిరి. పొలము కనెక్షను గాదు సుమా, ఇంటి మీటరే. తెల్లవారునప్పటికి బ్యాటరీ నిండెను.

తిరిగివచ్చి వాడు తోడి కాపురస్తుల నొప్పించి, తన మీటరునుండి క్రిందికి ప్రత్యేకమైన తీగ వేయించుకొన్నాడు. కొందరు మొదట అభ్యంతరము చెప్పిరి. ఇంటి కనెక్షనునుండియే బండిని నింపుకొనవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022లో స్పష్టముగా చెప్పియున్నదని తెలిపిన మీదట వారును శాంతించిరి.

ఇక లెక్క వినుడు. పెట్రోలు ధర 2025లో మా నగరమున ఉన్నట్లు లీటరు 107 రూపాయలు. తీగ లేని నెలలో 900 కిలోమీటర్లకు 69 లీటర్లు, అనగా 7,383 రూపాయలు. తీగ వచ్చిన నెలలోను అంతే దూరము. అందు 600 కిలోమీటర్లు విద్యుత్తుతో నడచినది, అందుకు 150 యూనిట్లు పట్టెను. యూనిట్టుకు పది రూపాయల చొప్పున 1,500. మిగిలిన దూరమునకు 23 లీటర్లు, 2,461. వెరసి 3,961 రూపాయలు. బండి యదే, త్రోవ యదే, నడపువాడును వాడే. మారినది రాత్రి యలవాటొక్కటే.

కావున మీ కుమారులో యల్లుండ్రో యిట్టి బండి కొనెదమని సలహా యడిగినచో, మైలేజి యెంత యని ముందుగా నడుగకుడు. రాత్రి యెచ్చట నిలిపెదవు, అచ్చట ప్లగ్గున్నదా, నిత్యము తగిలించు నోపిక యున్నదా యని యడుగుడు. లేదన్నచో, తగిలింప నక్కరలేని హైబ్రిడ్ బండ్లను 2022లోనే మారుతి, టయోటా, హోండా సంస్థలు మన దేశమున విక్రయమునకు దింపినవి. వాని బ్యాటరీ చిన్నది, బరువు తక్కువ. అట్టివానికి అవియే మేలు. ఉన్నదన్నచో, ఎర్తు సరిగా నున్న పదునారు ఆంపియర్ల ప్లగ్గును తెలిసిన పనివానిచేత పెట్టించుడు. ఈ విషయమున పట్టణపు మేడలకంటె మీ పల్లెయిండ్ల వాకిళ్లే యనుకూలమైనవని నా తలంపు.

నా శిష్యుడు మిగిలిన సొమ్మును నెలనెలయు తండ్రికి పంపుచున్నాడు. అమ్మిన పొలము తిరిగి రాదు గాని, ఆ వృద్ధుని మనస్సునకు కొంత యూరట కలిగినది.

సెలవు.