స్వాగతం ఒక్క రోజుది కాదు

(కొత్త విద్యా సంవత్సరం ఆరంభంలో, ప్రాథమిక తరగతుల పిల్లల కుటుంబాలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలయ్యాయి. అంతకు ముందు మనమంతా మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లమే, పాలమూరు బిడ్డలమే. కలెక్టరేట్లు వేరయ్యాయి గాని మన పిల్లల చదువుకు వచ్చే అడ్డంకులు వేరు కాలేదు. అందుకే మూడు జిల్లాల కుటుంబాలను ఒక్కచోట కూర్చోబెట్టి ఈ ఏడాదికి స్వాగతం చెబుతున్నాం. ఇక్కడున్న పిల్లలు అందరూ ఒకే బడిలో చదవడం లేదు. కొందరు సర్కారు బడిలో, కొందరు ఉర్దూ మీడియంలో, కొందరు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. ఏ బడి అయినా నేను చెప్పబోయే మాట అందరికీ వర్తిస్తుంది.

ఈ రోజుల్లో చిన్న పట్టణాల్లో కూడా "ఇంటర్నేషనల్ స్కూల్" అన్న బోర్డులు కనిపిస్తున్నాయి. తల్లిదండ్రుల మనసులో ఒక బెంగ ఉంటుంది: "మేము అక్కడ వేయలేకపోయాం, మా పిల్లవాడు వెనకబడిపోతాడేమో!" ఆ బెంగకు జవాబు చెప్పాలంటే ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి.

1924లో జెనీవా నగరంలో ఒక ఇంటర్నేషనల్ స్కూల్ మొదలైంది. నానాజాతి సమితిలోనూ అంతర్జాతీయ కార్మిక సంస్థలోనూ పనిచేయడానికి రకరకాల దేశాల నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లల కోసం దాన్ని పెట్టారు. 1968లో అదే జెనీవాలో ఇంటర్నేషనల్ బ్యాకలారియెట్ అనే సంస్థ ఏర్పడింది. 1997లో అది చిన్న పిల్లల కోసం ప్రాథమిక స్థాయి కార్యక్రమం తెచ్చింది. మన దగ్గర చూస్తే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు పలు దేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. వాళ్ల పిల్లల కోసం హైదరాబాద్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్ నడిచింది.

వీటన్నిటి వెనకా ఉన్న అవసరం ఒక్కటే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకంలో ఇంకొక భాష ఉన్న పిల్లలు ఒకే గదిలో కూర్చోవాలి. కాబట్టి అలాంటి మంచి బడులు ఏడాది మొదట్లో కుటుంబాన్ని పిలిచి కూర్చోబెడతాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడికి ఏమంటే భయం, ఎవరు తీసుకొస్తారు, ఎవరు తీసుకెళ్తారు అని అడుగుతాయి. ఇంటి భాషను మరచిపొమ్మని చెప్పవు, దాన్ని కాపాడుకోమంటాయి. ఈ పనికి చలువరాతి గచ్చు అక్కరలేదు, ఏసీ బస్సు అక్కరలేదు. ఒక చాప పరిచి, ఒక అరగంట శ్రద్ధగా వింటే చాలు.

ఇప్పుడు మన పిల్లల్ని చూడండి. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో ఒక ముస్లిం ఇంటి పిల్లవాడు అమ్మీతో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు. గల్లీలో దోస్తులతో తెలుగు మాట్లాడతాడు. రాయచూరు చుట్టాలు వస్తే కన్నడం వింటాడు. మక్తబ్‌లో అరబ్బీ అక్షరాలు దిద్దుతాడు. బడికి పోతే ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తారు. ఇక మన ఊళ్లలోని దూదేకుల కుటుంబాల్లో చాలా మందికి ఇంటి భాష తెలుగే. ఉర్దూ వాళ్లకు కొత్త. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలు మనకు ఇక్కడే ఉన్నారు. జెనీవా బడికి ఎదురైన ప్రశ్నే మన ఊరి ఒకటో తరగతి పంతులమ్మకూ రోజూ ఎదురవుతోంది.

2022-23 నుంచి మన రాష్ట్రంలో సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు అచ్చు వేశారు. మంచి ఆలోచనే. కానీ దక్కనీ మాట్లాడే పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే. ఆ పిల్ల మౌనంగా కూర్చుంటే మొద్దు అనుకుంటాం. నిజానికి ఆ పిల్ల మూడు భాషల బరువు ఒక్కతే మోస్తోంది.

కాబట్టి అమ్మల్లారా, మీకు నా మొదటి విన్నపం. ఇంట్లో మీ భాషలోనే మాట్లాడండి. రాని ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా మాట్లాడకండి. నానీ చెప్పే కహానీ, దాదీ చెప్పే పొడుపుకథ పిల్లవాడికి భాషకు పునాది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషలో బోధించమనే చెబుతోంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషకు చోటివ్వమంటోంది. ఉర్దూలో పెద్ద చదువులు సాగవని ఎవరైనా అంటే, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో బోధించారని గుర్తు చేయండి. అలాగే తెలుగునూ దూరం పెట్టకండి. 2018 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పాల్సిందే. బ్యాంకులో, తహసీల్ ఆఫీసులో, దవాఖానాలో రేపు పిల్లవాడికి అక్కరకొచ్చేది ఆ తెలుగే.

ఇక రెండో మాట. ఇది కాస్త కష్టమైన మాట. పెద్దలు కోపగించుకోకుండా వినాలని కోరుతున్నాను.

జూన్ 12న బడి తెరిచిన రోజు కొత్త బట్టలు, కొత్త బ్యాగు, హాజరు పట్టీ నిండుగా ఉంటుంది. ఆ తర్వాత ఆగస్టు వస్తుంది. గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి దేశంలోనే పేరున్న చోటు. ఆ పత్తిలో క్రాసింగ్ పని మొదలవుతుంది. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి రుద్దాలి. ఒక్కొక్క పువ్వునూ చేత్తో చేయాల్సిన పని, రోజు తప్పితే పువ్వు పాడైపోతుంది. మొక్క ఎత్తుకు, సన్నని వేళ్లకు పిల్లలైతేనే సరిపోతారనే మాట ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చారు. ఆ మాట వల్ల ఎక్కువ నష్టపోయింది ఆడపిల్లలు.

పనిమంతులు దొరకరు, అడ్వాన్సు తీసుకున్నాం, అప్పు ఉంది అనే మాటలు అబద్ధాలని నేను అనను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కూలికి పోయేవాళ్లూ ఉన్నారు, సీడ్ వేసిన రైతులూ ఉన్నారు. మన దాతల్లోనూ ఆ వ్యాపారం తెలిసినవాళ్లు ఉంటారు. అందుకే ఈ మాట బయటివాళ్లకు కాక మనకు మనమే చెప్పుకోవాలి. 2016లో సవరించిన చట్టం 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టడాన్ని నిషేధించింది. సొంత కుటుంబం పనిలో సాయం చేసినా అది బడి వేళలు ముగిశాకే, చదువుకు అడ్డం రాకుండానే ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5వ తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలంటుంది. క్రాసింగ్ కాలంలో ఒక పిల్ల 50 రోజులు మానేస్తే పావు వంతు చదువు పోయినట్టే. అదీ ఎప్పుడు? అక్షరాలు కూడి మాటలయ్యే వేళ, కూడికలు దాటి తీసివేతలు వచ్చే వేళ. తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. సిగ్గుతో వెనక బెంచీలో కూర్చుంటుంది. ఆపైన రాదు. ఏ రోజు మానేసిందని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది ఒక్క రోజులో జరగలేదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇదే నష్టం వలస రూపంలో వస్తుంది. పని కోసం హైదరాబాద్‌కో, ముంబయికో, పుణెకో పోయే తల్లిదండ్రులు పిల్లల్ని వెంట తీసుకుపోతారు. వాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, ఇంటి దగ్గర పెద్దవాళ్లుంటే పిల్లల్ని వాళ్ల దగ్గర వదిలి వెళ్లండి. బంధువుల్లోనో పొరుగులోనో చూసేవాళ్లను కుదిర్చే బాధ్యత మన మొహల్లా తీసుకోవాలి. రెండు, తీసుకుపోక తప్పకపోతే అక్కడి సర్కారు బడిలో వెంటనే చేర్చండి. టీసీ రావడం ఆలస్యమైందనో, పుట్టిన తేదీ కాగితం లేదనో 6 నుంచి 14 ఏళ్ల పిల్లవాడిని చేర్చుకోమని చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని కూడా ఉంది. ఈ నాలుగు ముక్కలు ధైర్యంగా అడగగలిగితే ఒక ఏడాది నిలుస్తుంది.

ప్రాథమిక తరగతుల మీదే ఇంత పట్టుదల ఎందుకని కొందరు దాతలు అడుగుతారు. మెడిసిన్ సీటు వచ్చిన పిల్లవాడికి సాయం చేస్తే ఫలితం కంటికి కనిపిస్తుంది గదా అంటారు. తప్పకుండా చేయండి. కానీ 2016లో 71 బడులతో మొదలై తర్వాత 204కు చేరిన తెలంగాణ మైనారిటీ గురుకులాలను చూడండి. భోజనం, వసతి, ఇంగ్లీషు మీడియం చదువు, అన్నీ ఉచితం. అక్కడ ప్రవేశం అయిదో తరగతితో మొదలవుతుంది. అంత పెద్ద తలుపు తెరిచి ఉన్నా, నాలుగో తరగతి పూర్తయ్యేసరికి చదవడం, రాయడం రాని పిల్లకు ఆ గడప ఎత్తుగానే ఉంటుంది. ముందరి నాలుగేళ్లు నిలబెట్టే పని మన చేతుల్లో ఉంది.

దాతలకు నా విన్నపాలు ఇవి. జూన్‌లో బ్యాగులు, నోటుపుస్తకాలు పంచడం మంచి పనే. సర్కారు బడిలో పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఎలాగూ ఇస్తారు. కాబట్టి మీ సొమ్ములో ఒక భాగం ఆగస్టు నుంచి డిసెంబరు దాకా దాచి పెట్టండి. క్రాసింగ్ కాలంలో బడి మానకుండా పిల్లను పంపిన పేద కుటుంబానికి ఆ నెలల్లో రేషన్ సాయం అందాలి. ప్రతి మొహల్లాలో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ఒక ఆపా సాయంత్రం గంటన్నర చదివిస్తే, ఆమెకు గౌరవవేతనం ఇవ్వాలి. దూరం బడికి పోయే ఆడపిల్లలకు ఆటో కిరాయి కావాలి. బోర్డు కనిపించని పిల్లలకు కళ్లద్దాలు కావాలి. వీటిలో ఏది జకాత్ నుంచి ఇవ్వవచ్చు, ఏది సదఖా నుంచి ఇవ్వాలి అన్నది మన ఉలమాలను అడిగి నిర్ణయిద్దాం. చదువు నేర్పిన పుణ్యం సదఖా ఏ జారియా అని మనందరికీ తెలిసిందే. నేర్చుకున్న పిల్ల రేపు తన పిల్లలకు నేర్పుతుంది, ఇచ్చిన చెయ్యికి ఆ సవాబు అందుతూనే ఉంటుంది.

దాతలు కూడా మన సొసైటీని ఒక లెక్క అడగాలి. వచ్చే సావనీర్‌లో ఎన్ని బ్యాగులు పంచామో, ఎంతమంది అతిథులు వచ్చారో అచ్చు వేస్తే సరిపోదు. మన సాయం అందుకున్న పిల్లల్లో జూన్‌లో ఎంతమంది బడిలో ఉన్నారు, సెప్టెంబరులో ఎంతమంది, దసరా తర్వాత ఎంతమంది, ఏప్రిల్‌లో ఎంతమంది అన్న నాలుగు అంకెలు వేయాలి. ఆ అంకెలు తగ్గితే దాచకుండా వేయాలి. దాన్ని చూసి ఏ నెలలో ఏ ఊళ్లో సాయం కావాలో దాతలకే తెలుస్తుంది.

ఉపాధ్యాయులకు ఒక చిన్న మనవి. పిల్లవాడు రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి కబురు చేయండి. నఖాబ్ వేసుకున్న తల్లి బడి గేటు దగ్గరే నిలబడిపోతే లోపలికి పిలిచి కుర్చీ వేయండి. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు ఆ నిబంధన లేకపోయినా, తల్లిని లోపలికి పిలవడానికి ఏ చట్టమూ అక్కరలేదు.

తల్లిదండ్రులారా, ఈ రోజు మీ చేతికి ఒక కాగితం ఇస్తున్నాం. మీ ఇంటి భాష ఏది, పిల్లవాడిని రోజూ ఎవరు దింపుతారు, ఏ నెలల్లో మీకు పని ఎక్కువ, ఎప్పుడు వలస పోవాల్సి వస్తుంది అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయి. రాయడం రానివాళ్లు మొహమాటపడకండి, మన కార్యకర్తలు పక్కన కూర్చొని మీరు చెప్పింది రాసుకుంటారు. ఆ కాగితాన్ని బట్టే ఈ ఏడాది మా పని ఉంటుంది. ఆగస్టు మొదటి వారంలో మేమే మీ ఇంటికి వస్తాం.

మన పిల్లలందరినీ జూన్‌లో ఉన్నట్టే ఏప్రిల్‌లోనూ బడిలో చూసే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించాలని దువా చేస్తున్నాను.